ఊడ్పుల బడి

సోమవారం పొద్దునకి వాన వెలిసింది. రెల్లుదిబ్బ పాలెం బడి చూరునుంచి నీళ్లు ఇంకా బొట్లుబొట్లుగా కారుతున్నాయి. బాలస్వామి మాస్టారు బల్ల ముందు కూర్చుని, హాజరుపట్టీ తెరిచి, కలం సిరాబుడ్డిలో ముంచి, తలెత్తకుండా పైనుంచి కిందకి గీతలు పెట్టుకుంటూ వచ్చాడు. నలభై మూడు పేర్లు, నలభై మూడు గీతలు. ఎదురుగా చెమ్మనేల మీద గోనెపట్టాలు పరుచుకుని కూర్చున్న పిల్లలు మాత్రం పంతొమ్మిది మంది.

“ఆ పట్టీ ఒకసారి ఇలా ఇవ్వండి మాస్టారూ. పేర్లు నేను పిలుస్తాను. పిల్లల మొహాలు తెలియాలి కదా,” అంది జోహ్రా.

ఆమె కొత్త హెడ్మిస్ట్రెస్. బందరు మనిషి. శనివారం నాడే ఛార్జి తీసుకుంది. ఇరవై ఎనిమిదేళ్లుంటాయేమో. ఏభై రెండేళ్ల బాలస్వామికి ఆమెను ఏమని పిలవాలో రెండు రోజులుగా తేలటం లేదు. ఏప్రిల్లో పాత హెడ్మాస్టరు రిటైరయ్యాక ఈ బడిని తనొక్కడే మోసుకొచ్చాడు. ఆ కుర్చీ తన ట్రైనింగుకి అందేది కాదని తెలుసు. కాని కూతురి ఈడు పిల్ల వచ్చి అందులో కూర్చుంటుందని మాత్రం అనుకోలేదు.

“హాజరు వేసేశానండి,” అన్నాడు.

“వేస్తే వేశారు. పిలుస్తాను.”

పట్టీ ఇచ్చేశాడు. చివరి గీతల సిరా ఇంకా ఆరలేదు. ఆమె ఒక్కొక్క పేరే పిలుస్తోంది. ఉన్నవాళ్లు లేచి “వచ్చానండి” అంటున్నారు. లేనివాళ్ల సంగతి పక్కవాళ్లు చెప్తున్నారు. “నారు కట్టలు మొయ్యటానికి ఎల్లాడండి.” “పెసిడెంటుగారి దూడల కాడున్నాడండి.” “తమ్ముణ్ణి ఎత్తుకుందండి.” ఒక్కొక్క జవాబుకీ ఆమె వేలు ఆ పేరు పక్కనున్న తడిగీత మీద ఓ క్షణం ఆగి కిందకి జరుగుతోంది.

“పదకొండు. సత్యవతి.”

ముందు వరసలో పిల్లలు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు.

“సత్యవతి రాలేదా?”

చివరికి ఓ పిల్ల లేచి, “సత్యవతి చచ్చిపోయిందండి,” అంది.

“ఎప్పుడు?”

“మామిడికాయలప్పుడండి. జొరమొచ్చింది.”

జోహ్రా పట్టీలోకి చూసింది. వెనక్కి ఒక కాగితం తిప్పింది, జులై. ఇంకో కాగితం, జూన్. పదకొండో పేరు పక్కన ప్రతి రోజుకీ ఒక గీత ఉంది. ఒంకర లేని, శ్రద్ధగా పెట్టిన గీతలు. బాలస్వామి చూరుకేసి చూస్తూ కూర్చున్నాడు. ఇప్పుడు అరుస్తుంది, పిల్లల ముందే అరుస్తుంది అనుకున్నాడు.

ఆమె కాగితాలు ముందుకి తిప్పి, “పన్నెండు,” అని తర్వాతి పేరు పిలిచింది.

ఆ రోజంతా ఆమె ఆ మాట ఎత్తలేదు. సాయంత్రం పిల్లలు వెళ్లిపోయాక పట్టాలు దులిపి మూల పెడుతుంటే ఆ మౌనం బాలస్వామికే భరించరానిదైంది.

“ఆ పిల్ల సమాధి దగ్గర ప్రార్థన చేసింది నేనేనండి,” అన్నాడు, ఆమె అడక్కుండానే.

“మరి?”

“నలభైకి తగ్గితే రెండో పోస్టు ఎత్తేస్తారు. అయిదు తరగతులకి ఒక్క మనిషి ఉన్న రోజులు నేను చూశానండి. అప్పుడిది బడి కాదు, బందెలదొడ్డి. ఆ పోస్టు కోసం ఏడేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగాం. ఒక్క పేరు కోసం దాన్ని పోగొట్టుకోమంటారా?”

“పోయేది మీ పోస్టు.”

“అవును. నాదే,” అన్నాడు గట్టిగా. “మీదెందుకు పోతుంది?”

ఆమె కిటికీలోంచి చేలకేసి చూసింది. నీళ్లు నిలిచిన మళ్లల్లో ఆడవాళ్లు వరసగా వంగి ఉన్నారు.

“ఆ పిల్ల సంగతి అలా ఉంచండి. మిగతా ఇరవై ముగ్గురిలో చాలామంది బతికే ఉన్నారుగా మాస్టారూ. మీరు గీత పెట్టినంతకాలం వాళ్లెందుకు రావటం లేదని ఎవరూ అడగరు. మీరూ అడగరు, నేనూ అడగను. పట్టీలో వచ్చేశారు గదా!”

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. చనిపోయిన పిల్ల, వలసపోయిన రెండు కుటుంబాల పిల్లలు ముగ్గురు, ఇంకా నాలుగేళ్లు నిండని ఒకడు, మొత్తం అయిదు పేర్లు ఆయన చేతే చెప్పించి కొట్టేసింది. పక్కన కారణం రాయాల్సిన గడి ఉంది. సత్యవతి పేరు దగ్గర కలం ఆనించి కాస్సేపు ఆలోచించింది. ఏప్రిల్లో మృతి అని రాస్తే జూన్, జులై గీతలు బాలస్వామి పీకకి చుట్టుకుంటాయి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఆమె అయిదు గడులూ ఖాళీగా వదిలేసి, ఆ రోజు రానివాళ్ల గీతల్ని సున్నాలుగా దిద్ది పట్టీ మూసింది.

“రేపట్నుంచి వచ్చినవాళ్లకే గీత. రానివాళ్లకి సున్నా,” అంది.

ఇంటికి వెళ్లి కాళ్లు కడుక్కుంటూ బాలస్వామి భార్యతో, “నాలుగు రోజుల్లో తనే దారికొస్తుంది. బందరు రూళ్లు ఇక్కడ నడుస్తాయా,” అన్నాడు. దేవమ్మ చెంబు అందుకుని లోపలికి వెళ్లింది. సత్యవతి పోయిన రోజున ఆ పిల్లకి తల దువ్వింది దేవమ్మే.

*

మంగళవారం మధ్యాహ్నం బెల్లు కొట్టాక జోహ్రా చేలకి బయల్దేరింది. దారి చూపించటానికి బాలస్వామి వెంట వెళ్లాడు. కాలవ గట్టు జారుడుగా ఉంది. సగం దారిలో ఆమె చెప్పు తెగింది. రెండో చెప్పు కూడా విప్పి చేత్తో పట్టుకుని నడిచింది. కాళ్లకి నత్తగుల్లలు గుచ్చుకుంటుంటే పళ్లు బిగపట్టటం బాలస్వామి చూశాడు.

ప్రెసిడెంటు గోవర్ధనరావుగారి పెద్ద పొలం చెక్కలో పాలెం ఆడవాళ్లు పాతికమంది నాట్లు వేస్తున్నారు. గట్టు మీద తాటాకు గొడుగు కింద ఎనిమిదేళ్ల పిల్ల ఒకత్తి చంటివాణ్ణి చంకన వేసుకుని ఊపుతోంది. మూడో తరగతి. పట్టీలో తొమ్మిదో నంబరు.

“ఈ పిల్ల తల్లెవరు?” అంది జోహ్రా.

“నేనే,” అని నడుమెత్తింది రాజమ్మ.

“బడికి ఎందుకు పంపటం లేదు? జూన్ నుంచి ఒక్కరోజు కూడా రాలేదని పిల్లలు చెప్పారు. పిల్ల జీవితం గురించి ఆలోచన లేదా నీకు?” జోహ్రా గొంతు హెచ్చింది. ఎండకీ నడకకీ మొహం కందిపోయి ఉంది.

రాజమ్మ చేతిలో నారు కట్టని నీళ్లల్లో ఆడించి మట్టి వదిలించింది. “నువ్వు దిగి ఈ మడి నాటమ్మా. నేనెల్లి నీ బళ్లో కూకుంటా,” అంది.

ఆడవాళ్లందరూ గొల్లున నవ్వారు. బాలస్వామి తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకున్నాడు. లోలోపల హాయిగా అనిపించింది. ఇంక వెనక్కి తిరుగుతుంది అనుకున్నాడు.

జోహ్రా తిరగలేదు. చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని గట్టు మీద గొంతుకూర్చుంది. ఈసారి గొంతు తగ్గించి అడిగింది.

“పన్లోకి ఎన్నింటికి దిగుతావు?”

“తొమ్మిదిటికి.”

“అంతకుముందు పిల్ల ఏం చేస్తుంది?”

“నేను పొయ్యికాడుంటే చంటోణ్ణి ఎత్తుకుంటది.”

“నువ్విక్కడికొచ్చాక?”

“అప్పుడూ ఎత్తుకుంటది. పాలకి ఇక్కడికి తెత్తది. ఆడు నిద్దరపోతే అదీ పడుకుంటది. ఇంకేం సేత్తది?”

“చంటివాణ్ణి ఎత్తుకునే బడికొస్తే?”

రాజమ్మ బాలస్వామికేసి చూసింది. “మేష్టారు రానిత్తాడా? పోయినేడు ఎత్తుకునొత్తే గుమ్మంలోంచే పంపేశాడు గదా.”

బాలస్వామికి గుర్తుంది. ఆ రోజు చంటివాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఇదేమన్నా పురిటిల్లా అని కసిరాడు. ఆ పిల్ల తలొంచుకుని వెళ్లిపోయింది. ఆ సాయంత్రం కూడా తొమ్మిదో నంబరు పక్కన గీత పెట్టాడు.

తిరుగుదార్లో జోహ్రా తెగిన చెప్పు చేత్తో పట్టుకునే నడిచింది. బడి గుమ్మంలో ఆగి, “ఊడ్పులు అయ్యేదాకా ఆరింటికి తెరుద్దాం మాస్టారూ. ఆరు నుంచి తొమ్మిది దాకా అందరికీ. మళ్లీ మధ్యాహ్నం రాగలిగినవాళ్లకి. చంటిపిల్లల్ని తెచ్చుకోనిద్దాం,” అంది.

“రూల్సు ఒప్పుకోవండి.”

“పంచాయతీ సమితి ఆఫీసుకి రాస్తాను.”

“జవాబొచ్చేసరికి కోతలైపోతాయి.”

“అందుకే ఇవాళ రాసి రేపు తెరుస్తాను.” ఆమె తెగిన చెప్పుని అటూ ఇటూ తిప్పుతోంది. “నాకూ భయంగానే ఉంది మాస్టారూ. ఇది నా మొదటి బడి.”

*

బుధవారం తెల్లవారుతూనే బాలస్వామి వెళ్లేసరికి జోహ్రా వచ్చి ఉంది. పక్క ఊళ్లో పిన్ని ఆమినా బీ ఇంట్లో దిగింది. అక్కణ్ణించి మైలున్నర నడక. పిన్ని పాత చీరలు రెండు తెచ్చి జోహ్రా దూలానికి ఉయ్యాల కట్టబోతోంది. ముడి జారిపోతోంది. బాలస్వామి చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. వెనకే చూడటానికొచ్చిన దేవమ్మ ఉండబట్టలేక ముందుకొచ్చింది.

“అలా కాదమ్మా. పిల్ల జారిపడుద్ది. ఇలా తెండి.”

చీర రెండు మడతలు వేసి, దూలం మీంచి తీసి, బరువేసి లాగి చూసింది. రెండో ఉయ్యాల కూడా ఆవిడే కట్టింది. తర్వాత ఇంటికి వెళ్లలేదు.

ఆ రోజు ఇరవై నాలుగు మంది వచ్చారు. వాళ్లతోపాటు చంటిపిల్లలు ముగ్గురు. ఒకరు ఏడుస్తుంటే ఇంకొకరు లేచేవారు. బాలస్వామి ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తూ రెండుసార్లు బెత్తం బల్లకేసి కొట్టాడు. ఆ చప్పుడుకి మూడోవాడు కూడా లేచాడు. దేవమ్మ ఆయన్ని ఓ చూపు చూసింది. మళ్లీ బెత్తం ముట్టుకోలేదు.

గురువారం ఇరవై ఎనిమిది. తొమ్మిదో నంబరు పిల్ల తమ్ముణ్ణి ఉయ్యాల్లో వేసి, పలక ముందు పెట్టుకుని, ఖాళీ అయిన చంకని మాటిమాటికీ తడుముకుంటోంది. బాలస్వామి మూడో తరగతికి తీసివేతలు చెప్తున్నాడు. చింతగింజలు కుప్పపోసి, పది గింజల్ని ఒక గుడ్డలో మూటకట్టి, ఒకట్లు చాలనప్పుడు ఆ మూట విప్పించి లెక్క చేయిస్తున్నాడు. చెప్తూ చెప్తూ పక్కకి చూస్తే జోహ్రా పిల్లల వెనక గోనెపట్టా మీద కూర్చుని ఉంది.

“ఏమైనా కావాలాండీ?”

“ఏం లేదు. మూట విప్పటం చూస్తున్నాను. మాకు ట్రైనింగులో ఇలా చెప్పలేదు. మీరు కానివ్వండి.”

బాలస్వామి గొంతు సవరించుకున్నాడు. ఈ ముప్ఫై ఏళ్లలో ఎంతోమంది పెద్దలు ఈ బడికి వచ్చారు. అందరూ పట్టీలు చూశారు, గోడలు చూశారు, కొబ్బరిబొండాలు తాగి వెళ్లారు. ఆయన పాఠం చెప్తుంటే కూర్చుని చూసినవాళ్లు ఒక్కరూ లేరు. ఆ రోజు తొమ్మిదింటికి బెల్లు కొట్టటం మరిచిపోయాడు. రాజమ్మే వచ్చి గుమ్మంలోంచి కూతుర్ని కేకేసింది.

శుక్రవారం ముప్ఫై ఒకటి. శనివారం గోవర్ధనరావుగారు స్వయంగా వచ్చారు. పంచాయతీ ప్రెసిడెంటు. పాలెం వాళ్లు దున్నేదీ నాటేదీ కోసేదీ ఆయన చేలోనే. లోపలికి రాలేదు. గొడుగు ముడిచి గుమ్మం బయటే నిలబడ్డారు. జోహ్రా కుర్చీ బయటికి తెప్పించింది. కూర్చోలేదు.

“అమ్మాయిగారూ, చదువంటే మాకేం విరోధం లేదండి. ఈ బడికి స్థలమిచ్చింది మా నాన్నగారే. కాని తొమ్మిదింటిదాకా దూడలు కట్టేసి ఉంటున్నాయి. నారు మోసే పిల్లలు లేక మనిషికి రెండు కావిళ్లు ఎక్కువ పడుతున్నాయి. అంతకుముందు బడి బడిలాగే ఉండేది, పని పనిలాగే ఉండేది. ఏం బాలస్వామీ?”

“చిత్తమండి,” అన్నాడు బాలస్వామి. నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

“ఊడ్పులు ఇంకో మూడు వారాలేనండి. తర్వాత మళ్లీ పాత వేళలే,” అంది జోహ్రా.

“మూడు వారాలకే నా నారు ముదిరిపోతుంది. ఇన్‌స్పెక్టరుగారికి కబురుపెట్టాను లెండి. ఆయనొచ్చి ఎలా చెప్తే అలా.” గొడుగు విప్పుకుని వెళ్లిపోయారు.

ఆయన కాలవ దాటేదాకా చూసి జోహ్రా అంది: “చిత్తం అన్నారేమండీ మాస్టారూ?”

బాలస్వామి కుర్చీ ఎత్తి లోపల పెట్టాడు. ఆమె మళ్లీ రెట్టించలేదు.

*

ఇన్‌స్పెక్టరు శ్రీనివాసరావు మంగళవారం పదకొండు గంటలకి సైకిలు మీద వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, పంట్లాం మోకాళ్లదాకా బురద. దూలానికి రెండు ఉయ్యాలలు వేలాడుతున్నాయి. పిల్లలు లేరు. జోహ్రా, బాలస్వామి మధ్యాహ్నం పిల్లల కోసం పలకల మీద లెక్కలు రాసి పెడుతున్నారు.

“బడేదండీ?” అన్నాడు అటూ ఇటూ చూసి.

జోహ్రా లేచి నిలబడింది. వేళ మార్చిన సంగతి, ఉత్తరం రాసిన సంగతి చెప్పింది. “ఇవాళ పొద్దున్న ముప్ఫై నలుగురు వచ్చారండి.”

“ఉత్తరం అందింది. అనుమతిస్తున్నట్టు జవాబిచ్చామా?”

“లేదండి.”

ఆయన కుర్చీలో కూర్చుని పట్టీ తీశాడు. జూన్ హాజరు, జులై హాజరు, ఆగస్టు హాజరు కూడి ఓ కాగితం మీద వేసుకున్నాడు. చాలాసేపు లెక్క చూశాడు. కోపం ఉన్న మనిషిలా లేడు, తిరిగి తిరిగి అలిసిన మనిషిలా ఉన్నాడు.

“చూడండమ్మా. జూన్, జులై రెండు నెలల్లోనూ నలభైకి తగ్గకుండా హాజరుంది. మీరు ఛార్జి తీసుకున్న శనివారం నలభై మూడు. సోమవారం గీతలు దిద్ది పంతొమ్మిదికి తెచ్చారు. మర్నాడు ఇరవై. ఇప్పుడు గట్టిగా నడుస్తోందని మీరు చెప్పే రోజున ముప్ఫై నాలుగు. అయిదు పేర్లు కొట్టేశారు, కారణం లేదు. కారణం ఎందుకు రాయలేదు?”

“నా పొరపాటండి.”

“బాలస్వామిగారు ఒక్కరే ఇద్దరి పని చేస్తూ నలభై మూడు మందిని నిలబెట్టారు. మీరొచ్చి రెండు వారాలు కాలేదు. పిల్లలు తగ్గారు, వేళలు మారాయి, ఊరి పెద్దలకి కోపమొచ్చింది. నేనేం రాయాలి?”

బాలస్వామి గోడ పక్కన నిలబడి ఉన్నాడు. పలక చేతిలోనే ఉంది. ఆమె ఇప్పుడు చెప్తుంది. చెప్పక ఏం చేస్తుంది? ఆ గీతలు దొంగగీతలండి అని ఒక్క మాట చాలు. ఆ మాట కోసం ఆయన ఎదురుచూశాడు.

“నిజమేనండి. లెక్క ప్రకారం తగ్గారు,” అంది జోహ్రా.

అంతే. ఆయనకేసి చూడను కూడా లేదు. ఇన్‌స్పెక్టరు విజిటు పుస్తకం తెప్పించుకుని రాశాడు. కొత్త ప్రధానోపాధ్యాయురాలి అనుభవరాహిత్యం వల్ల హాజరు క్షీణించిందనీ, అనుమతి లేకుండా వేళలు మార్చారనీ, బదిలీ చేయటం మంచిదనీ. ఆమె చదివి సంతకం పెట్టింది.

సైకిలు కాలవ గట్టెక్కింది. వాన మళ్లీ మొదలైంది. జోహ్రా బల్ల ముందు కూర్చుని, ఆపిన పలక తీసుకుని మిగతా లెక్క రాస్తోంది. బాలస్వామి చేతిలో పలక కింద పెట్టాడు, గొడుగు తీసుకున్నాడు. గుమ్మం దాటేదాకా నడిచాడు. దాటాక పరిగెత్తాడు.

“అయ్యా! ఇన్‌స్పెక్టరుగారూ!”

శ్రీనివాసరావు సైకిలు దిగి నిలబడ్డాడు. బాలస్వామికి ఆయాసంతో మాట రావటం లేదు.

“ఆ గీతలు నావండి. నలభై మూడు మంది ఎప్పుడూ రాలేదు. పద్దెనిమిది, ఇరవై... అంతే. ఆ అమ్మ రాసిందే నిజం.”

“ఏమంటున్నారు?”

“అయిదు పేర్లలో ఒక పిల్ల ఏప్రిల్లోనే చనిపోయిందండి. రెండు నెలలు హాజరు వేశాను. ఆవిడ కారణం రాయనిది నా కోసం.”

ఇన్‌స్పెక్టరు మొహం మీది వాననీళ్లు తుడుచుకున్నాడు. “బాలస్వామిగారూ, మీ సర్వీసెంతయ్యింది?”

“ముప్ఫై ఏళ్లండి.”

“వానలో నాకు సరిగ్గా వినబళ్లేదు. ఇంటికెళ్లండి. ఆవిడ చిన్నది, ఇంకో బడికి వెళ్తుంది. నష్టం లేదు.” సైకిలు పెడలు మీద కాలు పెట్టాడు.

బాలస్వామి హ్యాండిల్ పట్టుకున్నాడు. జీవితంలో ఒక అధికారి సైకిలు పట్టుకోవటం అదే మొదలు. “రాయండయ్యా. రాసి నా సంతకం తీసుకోండి. లేకపోతే నేను వదలను.”

శ్రీనివాసరావు ఆయన మొహంలోకి చూసి నిట్టూర్చాడు. సంచీలోంచి కాగితం తీసి సైకిలు సీటు మీద పెట్టాడు. కాగితం తడవకుండా బాలస్వామి గొడుగు పట్టాడు. ఆయన రాస్తున్నంతసేపూ ఆ గొడుగు కాగితం మీదే ఉంది. బాలస్వామి చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. చివర్లో గొడుగు ఆయనకిచ్చి, కలం తీసుకుని సంతకం పెట్టాడు.

వెనక్కి వస్తూ తిన్నగా బడికి రాలేదు. యలమంద ఇంటికి వెళ్లాడు. సత్యవతి తండ్రి. వసారాలో కూర్చుని పగ్గం పేనుతున్నాడు.

“యలమందా, నీకో మాట చెప్పాలి.” నిలబడే చెప్పాడు. పోయిన పిల్లకి హాజరు ఎన్ని రోజులు వేశాడో, ఎందుకు వేశాడో.

యలమంద పేనటం ఆపాడు. కొడతాడేమో అనిపించింది. కొట్టినా బాగుండును అనిపించింది.

“రోజూ పిలిచేవోడివా?” అన్నాడు యలమంద.

“ఏంటి?”

“దాని పేరు. బళ్లో పైకి పిలిచేవోడివా?”

“లేదు. గీత పెట్టేవాణ్ణి. అంతే.”

“పిలిచినా బాగుండేది,” అన్నాడు. మళ్లీ పగ్గం అందుకున్నాడు.

*

పన్నెండు రోజులకి కాగితాలు వచ్చాయి. జోహ్రా బదిలీ మాట రద్దయింది. ఊడ్పుల వేళలకి ఈ ఒక్క సంవత్సరానికి అనుమతి ఇచ్చారు. బడిలో పిల్లలు ముప్ఫై ఎనిమిది మందే కాబట్టి రెండో పోస్టు ఎత్తేశారు. బాలస్వామికి రెండేళ్లు ఇంక్రిమెంటు ఆపి, ఏటి పాయ అవతలి లంకలో ఒక్క టీచరే ఉండే బడికి మార్చారు.

దేవమ్మ వెంట రానంది. “ఊడ్పులు కానీ. అప్పుడొస్తా. పిల్లల్నెవరు చూస్తారు?” అంది.

పడవ రేవు దాకా జోహ్రా వచ్చింది.

“అయిదు తరగతులు ఒక్కరూ ఎలా చెప్తారండీ?” అన్నాడు బాలస్వామి.

“తెలియదు మాస్టారూ. అయిదో తరగతి పిల్లల చేత ఒకటో తరగతికి చెప్పిద్దామనుకుంటున్నాను. మీ మూటల లెక్క వాళ్లకొచ్చింది.” పడవకేసి చూస్తూ అడిగింది: “నా మీద కోపంగా ఉందా?”

“ఉందండి,” అన్నాడు. ఆ మాట అబద్ధం కాదు. ముప్ఫై ఏళ్లుగా మట్టి మెత్తిన గోడలు వెనక ఉన్నాయి. “ఇంకొన్నాళ్లు ఉంటుంది.”

ఆమె తలూపింది. పడవ కదిలింది.

లంక చిన్నది. ఇసక దిబ్బ మీద నలభై గుడిసెలు, చివర్న బడి. తలుపుకి తుప్పుపట్టిన తాళం. తాళంచెవి సంచీలోనే ఉంది. బాలస్వామి తలుపు దాకా వెళ్లి ఆగాడు. ఎండలో వల ఆరేసుకుని ఒకావిడ చిరుగులు కుట్టుకుంటోంది. పక్కన ఇద్దరు పిల్లలు బుట్టలో రొయ్యలు ఏరుతున్నారు. ఆయన్ని చూసి లేచి నిలబడ్డారు.

“కొత్త మేష్టారా?” అంది ఆవిడ. “పది గంటలయ్యింది, తెరుత్తారేంటి? ఎవరూ రారు.”

బాలస్వామి సంచీ కింద పెట్టి ఇసకలో చతికిలబడ్డాడు.

“తెరవటం తర్వాత చూద్దాంలే అమ్మా. మీ పిల్లలు ఏ వేళకి ఖాళీగా ఉంటారు?”

ఆవిడ సూది ఆపి ఆయనకేసి వింతగా చూసింది. “ఈళ్లకి ఏళేంటి? పాటొచ్చి నీళ్లు తీత్తే రొయ్యలకి దిగుతారు. పోటొత్తే ఒడ్డునే ఉంటారు. అది రోజుకో ఏళకి మారుద్ది గదా.”

“మారనీ,” అన్నాడు బాలస్వామి. “రేపు పోటెప్పుడు?”